గేటు, లైటు, నీళ్లు, టాయిలెట్: ఒక కాలనీ పార్కులో ఏడాది కార్యక్రమాల కేస్ స్టడీ

హైదరాబాద్ తూర్పు వైపు, ఉప్పల్ దాటాక వచ్చే పాత కాలనీల్లో ఇదొకటి. పేరు అవసరం లేదు, ఇలాంటివి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. లేఅవుట్‌లో పదో వంతు స్థలం ఖాళీగా వదలాలన్న నిబంధన పుణ్యమా అని మిగిలిన పార్కు, ఎకరానికి కాస్త తక్కువ. చుట్టూ పేవర్ టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్, మధ్యలో లాన్, ఒక మూల ఉయ్యాలలు, జారుడుబల్ల, ఇంకో మూల ఓపెన్ జిమ్. పక్కనే కమ్యూనిటీ హాలు. వెనక గోడ అవతల బస్తీ.

నేను బడిలో పీఈటీగా, అంటే ఆటలు నేర్పే టీచరుగా, పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలనీ సంఘాలకు, అపార్ట్‌మెంట్లకు ఆటల క్యాంపులు, పండగ కార్యక్రమాలు ప్లాన్ చేసి నడిపిస్తుంటాను. ఈ సంఘం వాళ్ల ఫిర్యాదు నేను చాలాచోట్ల విన్నదే: "ఏడాదికి మూడు నాలుగు ప్రోగ్రాములు చేస్తున్నాం సార్, డబ్బులు పోతున్నాయి, జనం మాత్రం రావట్లేదు. ఏదైనా కొత్త ఈవెంట్ చెప్పండి."

కొత్త ఈవెంట్ చెప్పే ముందు పాత బిల్లులు చూపించమన్నాను.

బిల్లుల్లో కనిపించింది

అంతకుముందు ఏడాది ఖర్చులో సగానికి పైగా స్టేజీ, షామియానా, సౌండ్‌కే పోయింది. మిగిలినదాంట్లో పెద్ద భాగం శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథుల ఫ్లెక్సీలు. తాగునీటికి పెట్టిన ఖర్చు ఒకే ఒక్క చీటీ మీద ఉంది, అదీ స్టేజీ మీద కూర్చున్నవాళ్ల కోసం తెప్పించిన చిన్న బాటిళ్లది. ఆటవస్తువుల కింద రాసింది సున్నా.

తర్వాత వేర్వేరు వేళల్లో పార్కులో కూర్చుని చూశాను. తెల్లవారుజామున గేటు తీయగానే వాకర్లు. వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, ట్రాక్ మీద ఎవరు అడ్డొచ్చినా చిరాకు. తొమ్మిదిన్నరకు వాచ్‌మన్ గేటుకు తాళం వేస్తాడు, సాయంత్రం నాలుగున్నరకు తీస్తాడు. సాయంత్రం చిన్నపిల్లలు, అమ్మలు, నానమ్మలు. చీకటి పడేసరికి ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు, ఎందుకంటే స్తంభాలు ఆరు ఉన్నా వెలిగేవి రెండే, అవీ గేటు దగ్గర. ఆ తర్వాత పదిహేను పదహారేళ్ల కుర్రాళ్లు వచ్చి ఉన్న కాస్త వెలుతురులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతారు. వాళ్లకూ వాకర్లకూ రోజూ గొడవ.

బస్తీ పిల్లలు గోడ మీద కూర్చుని చూస్తారు. లోపలికొస్తే వాచ్‌మన్ "మీ ఇల్లు ఏ గల్లీరా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర పనికొచ్చే జవాబు లేదు.

సంఘం కార్యవర్గంతో కూర్చున్నప్పుడు నేను చెప్పింది ఇదే. పార్కుకు మనుషులు రావడానికీ, వచ్చినవాళ్లు గంటసేపు నిలబడటానికీ కావాల్సినవి నాలుగే. గేటు తెరిచి ఉండాలి, లైటు వెలగాలి, నీళ్లుండాలి, టాయిలెట్ ఉండాలి. ఇవి లేనిచోట ఏ ఈవెంట్ పెట్టినా స్టేజీ ముందు వేసిన కుర్చీలు నింపుకోవడమే పనైపోతుంది. మూడు సీజన్లు స్టేజీ లేకుండా చేసి చూద్దామన్నాను. కార్యవర్గంలో ఇద్దరు పెద్దమనుషులు ఒప్పుకోలేదు, స్టేజీ లేకపోతే కార్పొరేటర్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది వాళ్ల టెన్షన్. అది తీసిపారేయాల్సిన విషయం కాదు, పార్కులో లైట్లు పడాలన్నా, చెత్త ఎత్తాలన్నా ఆ ఆఫీసులతోనే పని. చివరికి తేలింది ఏమిటంటే, అతిథులను పిలవాలి, వాళ్లు అందరితో పాటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి, మాట్లాడటం ఐదు నిమిషాలకు మించకూడదు. మొదటిసారి వచ్చిన అతిథి ఇరవై నిమిషాలు మాట్లాడారు. అయినా పిల్లలు అప్పటికే అవతలి మూలకెళ్లి ఆడుకుంటున్నారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

టాయిలెట్‌కు కొత్తగా ఏదీ కట్టలేదు. కమ్యూనిటీ హాలులో ఒకటి ఉంది, దాని తాళంచెవి కోశాధికారి ఇంట్లో ఉండేది. కార్యక్రమం జరిగే వేళల్లో హాలు తెరిచి ఉంచడం, బకెట్, మగ్గు, సబ్బు పెట్టడం, రోజుకోసారి కడిగించడం. పని ఇంతే. దీనికి రెండు మీటింగులు పట్టాయి. మగవాళ్లు ఎక్కువగా ఉన్న కమిటీలో ఈ అంశం అజెండా చివర్లోకి జారిపోతుంది. కానీ ఆడవాళ్లు గంటలోపే ఇంటికెళ్లిపోవడానికి అసలు కారణం ఇదేనని ఎవరిని అడిగినా చెప్తారు, అడగాలి అంతే.

ఎండాకాలం క్యాంపు

తెలంగాణలో బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులిస్తారు, జూన్ 12న మళ్లీ తెరుస్తారు. చేతిలో ఏడు వారాలున్నట్టు కనిపిస్తుంది గానీ అవి ఏడు వారాలు కావు. మే మొదటి వారం దాటగానే సగంమంది పిల్లలు ఊళ్లకెళ్లిపోతారు. అమ్మమ్మగారిల్లు, పెళ్లిళ్లు, మామిడికాయ పచ్చళ్లు. నెల రోజుల క్యాంపు పెడితే మొదటి వారం కిటకిటలాడి, మూడో వారానికి కోచ్ ఒక్కడే విజిల్ పట్టుకుని నిలబడతాడు. అందుకని రెండు చిన్న బ్యాచ్‌లు పెట్టాం. మొదటిది సెలవులిచ్చిన వెంటనే, రెండోది మే నెలాఖరు నుంచి బడి తెరిచే దాకా. ఒక్కోటి పన్నెండు రోజులు. మధ్యలో ఖాళీ. ఊరెళ్లిన పిల్లలు ఏదో ఒకదానికి అందుతారు.

జీహెచ్‌ఎంసీ ఏటా వేసవిలో తన గ్రౌండ్లలో నామమాత్రపు ఫీజుతో కోచింగ్ క్యాంపులు పెడుతుంది. ఒక ఆట మీద గట్టిగా ఆసక్తి ఉన్న పిల్లల్ని అక్కడికే పంపమని తల్లిదండ్రులకు చెప్పాను. పార్కు క్యాంపు పని అది కాదు. ఇక్కడ ఆరేళ్ల పిల్ల, పన్నెండేళ్ల పిల్లాడు, ఎప్పుడూ ఏ ఆటా ఆడనివాడు, ఫోన్ వదలనివాడు అందరూ వస్తారు. వాళ్లు రోజూ రెండు గంటలు పరుగెత్తితే చాలు.

ఆటలు ఎంచుకోవడంలో నా లెక్క ఒకటే, బూట్లు లేని పిల్లాడు కూడా ఆడగలగాలి. స్కేటింగ్ పెట్టమని చాలామంది అడిగారు. స్కేట్లు కొనగలిగే ఇళ్లవాళ్లే అడిగారు. వద్దన్నాను. కబడ్డీ, ఖోఖో, ఏడుపెంకులాట, కుంటాట, తాడు లాగుడు పెట్టాం. ఎండెక్కాక హాలులో అష్టాచెమ్మా, క్యారమ్స్, చదరంగం.

ఖోఖో గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పార్కుల్లో దీన్ని పెట్టాలని చూసి స్థలం చాలక వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. అసలు కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మా లాన్ పొడవు పాతిక మీటర్లు కూడా రాదు, పైగా మధ్యలో ఒక వేపచెట్టు. ఎనిమిది మంది కూర్చోవాల్సిన చోట ఐదుగురిని కూర్చోబెట్టి, కోర్టును ఆ మేరకు కుదించాం. తరిమేవాళ్లు ఆరుగురు, తప్పించుకునేవాళ్లు ఇద్దరిద్దరు. టర్న్ మూడు నిమిషాలు. చిన్న కోర్టులో 'ఖో' ఇవ్వడం త్వరత్వరగా జరుగుతుంది, కాబట్టి కూర్చున్నవాడికి కూడా విసుగు రాదు. వేపచెట్టు చుట్టూ పాత పరుపు ముక్కలు తాడుతో కట్టాం. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఖోఖో ప్రపంచకప్‌లో మన ఆడవాళ్ల జట్టు, మగవాళ్ల జట్టు రెండూ గెలిచాయని చెప్తే పిల్లలు మొదట నమ్మలేదు, ఫోన్‌లో వీడియో చూశాక మాత్రం కోర్టు వదల్లేదు.

ఏడుపెంకులాటకు ఎవరో పగిలిన ఫ్లోర్ టైల్స్ తెచ్చారు. వాటి అంచులు బ్లేడులా కోస్తాయి. వడ్రంగి దగ్గర చెక్కతో గుండ్రంగా ఏడు బిళ్లలు కోయించి, గరుకు కాగితంతో రుద్దించాం. ఇలాంటి చిన్న పనికి ముందే రెండు రోజులు పెట్టుకుంటే ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిచే పని తగ్గుతుంది.

టైమింగ్ ఉదయం ఆరు నుంచి ఎనిమిది. ఎనిమిదికి విజిల్ వేస్తే ఆట ఏ దశలో ఉన్నా ఆపేయాల్సిందే. నలభై డిగ్రీలు దాటే నెలల్లో ఎనిమిదిన్నరకే లాన్ వేడెక్కుతుంది, ఒట్టి కాళ్లతో ఉన్న పిల్లలకు ట్రాక్ టైల్స్ మీద అడుగు పెట్టే పరిస్థితి ఉండదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నీడలో, మూత ఉన్న స్టీలు డ్రమ్ములో మజ్జిగ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేసి ఇచ్చే అలవాటు మాన్పించాలి. ప్రతి పావుగంటకూ నీళ్ల విరామం, దాహం వేసినా వేయకపోయినా.

అసలు చిక్కు మాలీతో వచ్చింది. ఆయన రాత్రి లాన్‌కు నీళ్లు పెట్టేస్తాడు, పొద్దున్నకి గడ్డి జారుతుంది. పొద్దున ఎనిమిది తర్వాత పెట్టమంటే ఎండకు నీళ్లు ఆవిరైపోయి గడ్డి చస్తుందన్నాడు, అది నిజమే. ఆయనే ఉపాయం చెప్పాడు: లాన్‌ను రెండు సగాలుగా చూసుకుని ఒకరోజు ఒక సగానికి, మర్నాడు ఇంకో సగానికి. పొడిగా ఉన్న సగంలో పరుగు ఆటలు, తడిగా ఉన్న సగం ఖాళీ. ప్లాన్ గీసేటప్పుడు మాలీని, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టని కమిటీలు ఇలాంటివి చేజార్చుకుంటాయి.

వాకర్లతో ఒప్పందం కూడా రాతపూర్వకంగానే. ట్రాక్ వాళ్లది, లాన్ పిల్లలది. పిల్లలు ట్రాక్ దాటేది ఒక్క చోటే, అక్కడ సున్నంతో రెండు గీతలు. ఇంతకుముందు గొంతు పెంచిన ఒక రిటైర్డ్ ఉద్యోగి మొదటి వారంలోనే స్టాప్‌వాచ్ పట్టుకుని ఖోఖో టైమ్ చూడటం మొదలుపెట్టారు. అందరూ అలా మారలేదు. కొందరు వేరే పార్కుకు వెళ్లిపోయారు.

ఫీజు మీద వాదన చాలా నడిచింది. ఉచితమైతే విలువుండదన్నది ఒక మాట. అది సగం నిజం. ఫీజు పెడితే బస్తీ పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసే అమ్మల పిల్లలు రారు, వచ్చినా 'ఫ్రీ వాళ్లు' అని ముద్ర పడుతుంది. గేటు దగ్గర ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదని, ఇవ్వగలిగినవాళ్లు సంఘం ఖాతాలో వేయాలని నిర్ణయించాం. ఎవరు వేశారో కోచ్‌లకు చెప్పం. వాచ్‌మన్ అడగాల్సింది పేరు, వయసు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు మాత్రమే. గల్లీ అడగకూడదు. రెండో బ్యాచ్‌కు గోడ మీద కూర్చునే పిల్లలు దాదాపు అందరూ లోపలే ఉన్నారు.

బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలు

అంతకుముందు ఈ కాలనీలో బతుకమ్మ అంటే చివరిదైన సద్దుల రోజు ఒక్క రాత్రి డీజే. ఎవరెవరు ఆడాలో ముందే ఖరారైన గ్రూపులు, ఫొటోలు, బహుమతులు. తక్కిన ఎనిమిది రోజులు ఎవరి ఇంటి ముందు వాళ్లు.

పండగ మొదలయ్యేది అమావాస్య నాడు, ఎంగిలిపూల బతుకమ్మతో. మొదటి నాలుగైదు రోజులు వెన్నెల ఉన్నట్టే ఉండదు. ఆ రోజుల్లో ఆరున్నరకే పూర్తిగా చీకటి. పనుల నుంచి ఇంటికొచ్చి, పూలు పేర్చి, చీర మార్చుకుని వచ్చేసరికి ఏడవుతుంది. లైట్లు లేని పార్కులో బతుకమ్మ ఎందుకు నిలవలేదో ఇక వేరే చెప్పక్కర్లేదు. డీజేకు పెట్టే డబ్బుతో నాలుగు స్తంభాల లైట్లు మార్పించాం. ఒక పెద్దావిడ, నాకన్నా పదేళ్లు పెద్ద, చూసి అన్న మాట: "లైటుంటె అయిపాయె గద బిడ్డా, మేమేమన్న స్టేజీ అడిగినమా?"

తర్వాత చుట్టు లెక్క. చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ తిరిగే ఒక్కో మనిషికి మీటరు కావాలి. అరవై మంది ఒకే వలయంగా ఆడాలంటే అడ్డంగా పంతొమ్మిది మీటర్లు పైనే కావాలి, మా లాన్ వెడల్పు అంత లేదు. ఆడుతూ ఆడుతూ చివరివాళ్లు క్రోటన్ మొక్కల్లోకి వెళ్లిపోయేవాళ్లట. రెండు వలయాలు గీశాం, లోపల పెద్దవాళ్లు, పాట తెలిసినవాళ్లు. బయట అమ్మాయిలు, కొత్తగా నేర్చుకునేవాళ్లు. లోపలివాళ్లు పాట ఎత్తుకుంటే బయటివాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. దీంతో ఇంకో లాభం కూడా కలిగింది. పాట రాని ఐటీ ఉద్యోగినులు, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్ల ఆడవాళ్లు కూడా బయటి వలయంలో మొహమాటం లేకుండా కలిసిపోయారు.

పాటకు చిన్న స్పీకర్ ఒకటి, చేతి మైకు రెండు. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్లు ఆపాలి. పోలీస్ స్టేషన్‌లో మైకు అనుమతికి ముందే దరఖాస్తు ఇచ్చాం, తొమ్మిదిన్నరకే కట్టేస్తామని అందులోనే రాశాం. డీజే కోసం పట్టుబట్టిన కుర్రాళ్లకు సద్దుల రోజు చివరి అరగంట ఇచ్చాం. పాటలు వాళ్లవే, స్పీకర్ మాత్రం అదే.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు. నిర్వహణ చేసేవాళ్లకు అది దేవుడిచ్చిన సెలవు. ఐదు రోజుల తొక్కుడుకు, మధ్యలో పడ్డ వానకు లాన్ మధ్యభాగం బురదైంది. ఆ రోజు స్టోన్ డస్ట్ పలుచగా చల్లించి, ఎండిన పూలన్నీ ఊడ్పించి, లైట్ల వైర్లకు టేపు వేయించాం. ప్లాన్‌లో ఆరో రోజుకు ఏ కార్యక్రమమూ పెట్టొద్దని వేరే కాలనీలకు కూడా చెప్తున్నాను.

నిమజ్జనం కోసం చెరువుకు వెళ్తే ట్రాఫిక్, చీకటి, పిల్లలు. అందుకని పార్కులో ఒక మూల నడుము లోతులో కాకుండా మోకాలి లోతులో గుంట తవ్వి, మందపాటి టార్పాలిన్ పరిచి నీళ్లు నింపాం. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు మర్నాడే బయటికి తీసి కంపోస్టులో వేశాం. పెద్ద బతుకమ్మలు పేర్చినవాళ్లు కొందరు చెరువుకే వెళ్లారు, వాళ్లను ఆపలేదు. ఆ గుంట చుట్టూ తాడు కట్టి రాత్రంతా ఒక మనిషిని కాపలా పెట్టడం తప్పనిసరి.

పూల గురించి ఒక మాట. కాలనీలో గునుగు, తంగేడు దొరకవు, కొనాల్సిందే, సద్దుల రోజుకు ధర కొండెక్కుతుంది. ఊళ్లున్నవాళ్లు బస్తాల్లో తెప్పించి పక్కవాళ్లకు పంచారు. దీన్ని కమిటీ నిర్వహించబోతే పాడయ్యేది, వాట్సాప్ గ్రూపులో వాళ్లే చూసుకున్నారు.

సంక్రాంతి, తక్కువలో

పతంగులు పార్కులో వద్దన్నాం. చెట్లు, కరెంటు తీగలు. చైనా మాంజాపై నిషేధం ఉంది, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటికీ వర్తించేలా తీర్పిచ్చింది, అయినా ఎవరి చర్ఖాలో ఏముందో పార్కు గేటు దగ్గర వెతికేదెవరు? ముగ్గుల పోటీకి మాత్రం పార్కు సరిపోయింది, అదీ ట్రాక్ మీద కాదు. పేవర్ టైల్స్ సందుల వల్ల గీత తెగుతుంది, పిండి నిలవదు. గేటు నుంచి హాలు దాకా ఉన్న మట్టి దారిలో ముందురోజు సాయంత్రం కల్లాపి చల్లించి నాలుగడుగుల గళ్లు గీశాం. చుక్కల ముగ్గుకు, రంగుల ముగ్గుకు వేర్వేరు బహుమతులు, లేదంటే రంగులు చూసి జడ్జీలు చుక్కలు వదిలేస్తారు. భోగిపళ్లు పోయడం ఆంధ్ర ఇళ్లవాళ్లే హాలులో పెట్టుకున్నారు, బస్తీ పిల్లల్ని కూడా వరుసలో కూర్చోబెట్టారు.

లెక్కలు, తేలనివి

ఏడాది మొత్తం ఖర్చు పాతదానికన్నా పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. మారింది ఎక్కడ ఖర్చయిందన్నదే. లైట్లు, నీళ్లు, టాయిలెట్ కడిగే మనిషి, ఇద్దరు కోచ్‌ల గౌరవ వేతనం, ఆటవస్తువులు. కోచ్‌లకు డబ్బివ్వకుండా 'సేవ' పేరుతో నడపాలని ఒక సూచన వచ్చింది, దాన్ని నేను గట్టిగా వ్యతిరేకించాను. ఉచితంగా వచ్చే కోచ్ పెళ్లి ఉంటే రాడు, వాన పడితే రాడు, అడగడానికి మనకూ నోరు రాదు.

సక్సెస్ అని నేను చూసేది కార్యక్రమాల రోజు జనాన్ని కాదు. క్యాంపు అయిపోయాక జూలైలో ఒక మామూలు సాయంత్రం, ఏ బ్యానరూ లేని రోజు, లాన్‌లో పిల్లలు వాళ్లంతట వాళ్లే ఖోఖో గళ్లు గీసుకుంటున్నారా అన్నది. గీసుకుంటున్నారు, రోజూ కాదు. దసరా తర్వాత రాత్రి ఎనిమిది దాకా ఆడవాళ్లు నడవడం మొదలైంది. దానికి లైట్లు కారణం, బతుకమ్మ కాదు.

పనిచేయనివీ ఉన్నాయి. వృద్ధుల కోసం పెట్టిన సాయంత్రం ఆటలకు ముగ్గురు నలుగురు దాటి రాలేదు. వాళ్లకు కావాల్సింది కబుర్లు, క్యారమ్ బోర్డు కాదు. వానాకాలం అంతా పార్కు ఖాళీ, మొక్కలు నాటడం తప్ప ఏమీ కుదరలేదు. హాలులో ఏదైనా పెట్టాలంటే పెళ్లి బుకింగులు అడ్డం.

క్రికెట్ కుర్రాళ్ల సంగతి మాత్రం తేలలేదు. క్యాంపులో రిఫరీలుగా పెడితే నలుగురైదుగురు నిలబడ్డారు, చక్కగా చేశారు. మిగతావాళ్లకు ఆడుకునే చోటు కావాలి, ఎకరం లేని పార్కులో క్రికెట్‌కు చోటు లేదు. లైట్లు పెరిగాక వాళ్ల ఆట ఇంకా ఆలస్యంగా నడుస్తోంది, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ఫిర్యాదులూ పెరిగాయి. దగ్గర్లో ఒక ప్రభుత్వ పాఠశాల గ్రౌండ్ సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. బడి వేళల తర్వాత అక్కడ ఆడనివ్వమని సంఘం తరఫున ఉత్తరం ఇచ్చాం. అద్దాలు పగిలితే ఎవరు కట్టాలి, గేటు ఎవరు వేయాలి అని హెడ్‌మాస్టర్ అడిగారు. అద్దాల డబ్బు సంఘం పూచీ, గేటు బాధ్యత రిఫరీలుగా చేసిన ఆ కుర్రాళ్లది అని రాసి పంపాం. బడి తెరిచాక మాట్లాడదామన్నారు.